కొనీసినావేటి?

విజయనగరం,
జూన్ 12, 2016

అక్కకి,

నీ షరతు ప్రకారం ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో అయిపోయే కబురు ఇది. నువ్వు బ్రాంచి పోస్టుమాస్టరు అయిన దగ్గర్నుంచీ చుట్టాలందరికీ ఈ శిక్ష పడింది. నీ ఆఫీసుకి టపా రాకపోతే ఇన్‌స్పెక్టరు మూతి విరుస్తాడని, నెలకో ఉత్తరమైనా రాయని వాళ్ళ ఫోన్ ఎత్తనని నువ్వు పెట్టిన రూలు ఇంకెక్కడా ఉండదు. మొన్న మా మామగారు, అర్చన వాళ్ళ నాన్న కూడా మీ అక్కకి కార్డు రాశావా అని నన్ను అడిగారు.

అసలు సంగతి ఏమిటంటే, ఆట తయారైంది. పేరు "ఇదేటి?". వేసవి సెలవుల్లో నీ దీపిని పదిహేను రోజులు మా ఇంట్లో ఉంచుకున్నాను కదా, అప్పుడు మేడ మీద గదిలో కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, దాని గొంతు రికార్డు చేశాను. ఫోన్ తెర మీద ఒక బొమ్మ వస్తుంది, తాటిముంజో, చేపల వలో, గానుగో. దీపి "ఇదేటి? సెప్పు సూద్దాం" అంటుంది. పిల్లలు సరైన మాట మీద వేలు పెడితే "అబ్బో, నీకు తెలిసిపోనాది" అంటుంది. తప్పు పెడితే నవ్వుతుంది. పక్కింటి పిల్లలు ఆ నవ్వు కోసం కావాలనే తప్పు పెడుతున్నారు.

ఇక డబ్బులు. కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పి నేను ఇంటికి తెచ్చేది ఎంతో నీకు తెలుసు. యాప్ మీద సంపాదించే దారులు కొన్ని ఉన్నాయి. ముందే ధర కట్టి అమ్మవచ్చు, కానీ మనవాళ్ళు చూడనిదే పైసా తియ్యరు. తెర కింద ప్రకటన పట్టీ వేసుకోవచ్చు, ఎవరైనా దాని మీద నొక్కితే పైసలు రాలతాయి. ఆట మధ్యలో అరనిమిషం వీడియో ప్రకటన చూపించవచ్చు, అందులో కాస్త ఎక్కువ వస్తుంది గాని పిల్లలు ఏడుస్తారు. నెలనెలా చందా పెట్టవచ్చు. నేను పట్టుకున్న దారి ఏమిటంటే, ఇరవై బొమ్మలు ఉచితం, మిగతా ఎనభై బొమ్మలు కలిపి పది రూపాయలు. ఫోన్‌లో వేసుకున్న రీచార్జి నుంచే కోసుకుంటుంది, బ్యాంకు కార్డు అక్కర్లేదు. సంతలో జీడిపప్పు అమ్మేవాడు ముందు నాలుగు పలుకులు చేతిలో పోస్తాడు చూడు, అదే పద్ధతి. అది కాక కింద ప్రకటన పట్టీ కూడా వేశాను.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. ఇరవై బొమ్మలు అయిపోగానే దీపి చేత ఇలా అనిపించాను: "అమ్మా, ఇంకా బొమ్మలున్నాయి. కొనవేటి?" డబ్బు కట్టిన వెంటనే, ఒకే ఒక్కసారి, ఇంకో మాట వస్తుంది: "కొనీసినావేటి? మాయమ్మే!" పిల్లల ఆటలు చేసే స్నేహితుడు చెప్పాడు, పిల్ల గొంతు అడిగితే తల్లి కాదనలేదని. నువ్వు తిడతావని తెలుసు. దీపి సంచిలో నా పాత ఫోను పెట్టి పంపాను కదా, దాంట్లో నీ పేరున ఖాతా తెరిచి ఆట ఎక్కించాను. చూసి తిట్టు. తిట్టేది కూడా ఉత్తరంలోనే.

నీ తమ్ముడు,
భరణి


చినవలస బ్రాంచి పోస్టాఫీసు,
కోటబొమ్మాళి మీదుగా,
జూలై 4, 2016

ఒరే భరణీ,

నీ కవరు మీద నేనే ముద్ర కొట్టి, నేనే విప్పుకుని చదువుకున్నాను. తిడతానని ముందే రాసుకున్నావు కాబట్టి నాకు సగం శ్రమ తగ్గింది.

సిగ్గుందా నీకు? ఎనిమిదేళ్ళ పిల్ల చేత ఊరందరినీ అడిగిస్తావా? ఈ ఇంట్లో పొద్దున్న లేస్తే నేను వినేదే ఆ మాట. సెంటు రబ్బరు కొనవేటి, పాలకోవా కొనవేటి, మెరుపుల రిబ్బను కొనవేటి. నా జవాబు ఊళ్ళో అందరికీ తెలుసు, ఒకటో తారీఖు. ఆ ఒకటో తారీఖు వచ్చేసరికి అది మరిచిపోతుంది, నేను గుర్తు చెయ్యను. నాకొచ్చే భత్యంతో ఇల్లు నడిచేది అలాగే. మీ బావకి వరి మీద వచ్చింది వరికే పోతోంది. మిగిలిన పదీ పరకా దీపి పేరున పాసుబుక్కులో వేస్తున్నాను. పెద్దయ్యాక నాకు దండం పెడుతుంది.

తిట్టడం అయింది. ఇప్పుడు నిజం చెప్తాను, విని చాలా నవ్వుకున్నాను. బడి నుంచి వచ్చాక ఆ ఫోను పట్టుకుని ఆఫీసు అరుగు మీద కూర్చుంటోంది. పనిమీద వచ్చిన ప్రతి మనిషికీ పరీక్ష. మొన్న మనవడి ఖాతాలో డబ్బు వెయ్యడానికి వచ్చిన తవిటమ్మకి గానుగ బొమ్మ చూపించింది. తవిటమ్మ వేలు పెట్టడం మాని, వాళ్ళ పుట్టింటి గానుగకి ఎన్ని ఎద్దులుండేవో మొదలుపెట్టింది. "అవ్వా, కతొద్దు, ఏలెట్టు" అని గదిమింది ఇది. మీ బావ పొలం నుంచి వస్తూ విని అక్కడే కూలబడి నవ్వాడు.

నీ ఎనభై బొమ్మలు మాత్రం నేను కొనను. దాని గొంతు నాకు ఇంట్లో ఊరికే దొరుకుతుంది, పది రూపాయలు ఎందుకు తగలెయ్యడం?

అర్చనని అడిగానని చెప్పు. కింద దీపి ఏదో రాస్తానని గొడవ చేస్తోంది.

పద్మక్క

మావా నా ఆట ఎంతమంది ఆడినారు. అందరి పేర్లు రాసి పంపు. దీపిక, 3వ తరగతి.


విజయనగరం,
సెప్టెంబరు 18, 2016

అక్కకి,

దీపికి చెప్పు, దాని ఆట ఆరువందల పన్నెండు మంది ఆడారు. పేర్లన్నీ రాస్తే నీ టపా సంచి పట్టదు. తొమ్మిది మంది కొన్నారు. కింద వేసిన ప్రకటన పట్టీ మీద మూడు నెలలకి నూట నలభై రూపాయలు వచ్చాయి, అందులో సగం అర్చన పొరపాటున నొక్కినవే అని నా అనుమానం. సొంతవాళ్ళు నొక్కితే ఖాతా మూసేస్తారు, నువ్వు నొక్కకు.

జాతరకి వద్దామనుకున్నాను, పరీక్షల డ్యూటీ పడింది. దీపి పేరున వంద రూపాయలు మనియార్డరు పంపుతున్నాను. అది దాని మొదటి సంపాదన. పోస్టుమాస్టరు గారు దాని చేత సంతకం పెట్టించుకుని, దాని చేతికే ఇవ్వాలి. ఏం కొనుక్కుంటుందో అది దాని ఇష్టం, నువ్వు అడ్డురాకు.

భరణి


చినవలస,
అక్టోబరు 3, 2016

భరణీ,

మనియార్డరు అందింది. దీపిక అని గొలుసు రాతలో సంతకం పెట్టి, వంద కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుంది. నేను ఆ గుప్పిట విప్పించి పాసుబుక్కులో జమ వేశాను. నువ్వు కోప్పడితే పడు. మొదటి సంపాదన అన్నావు, మొదటి సంపాదన ఎవరైనా ఖర్చు పెడతారా?

జాతరకి వెళ్ళాం. కొత్తమ్మతల్లి దర్శనానికి మూడు గంటలు పట్టింది. తర్వాత పైకి తిరిగే పెద్ద రాట్నం. ఒకసారి ఎక్కించాను, ఇరవై రూపాయలు. దిగిన దగ్గర్నుంచీ "ఇంకొక్కసారమ్మా, నా డబ్బుల్లోంచే" అని నా కొంగు పట్టుకుని ఏడుపు. వచ్చే ఏడు రెండుసార్లు ఎక్కుదువుగాని అన్నాను. బస్సులో నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చి మీ బావతో, అమ్మ నా డబ్బులు గవర్నమెంటుకి ఇచ్చీసినాది అని ఫిర్యాదు చేసింది.

జాతరలో వానకి తడిసింది. నిన్నటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. మాత్ర వేశాను, తగ్గుతుంది. ఇప్పుడు పడుకుని నీ ఆట ఆడుకుంటోంది, తన గొంతుకి తనే జవాబు చెప్పుకుంటూ.

పద్మక్క


విజయనగరం,
జనవరి 6, 2017

అక్కా,

దీపి పోయి ఎనభై రోజులు. ఇన్నిసార్లు కాగితం ముందు కూర్చుని లేచిపోయాను. అక్కడున్నప్పుడు కూడా నీతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. శ్రీకాకుళం ఆసుపత్రిలో, తర్వాత వైజాగ్‌లో, ఆ పదమూడు రోజులూ నేను డాక్టర్లతోనే మాట్లాడాను. అదొక్కటే నాకు చేతనైంది. జ్వరం ఇంత పని చేస్తుందని ఎవరం అనుకున్నాం?

ఒక సంగతి అడగక తప్పదు. "ఇదేటి?" ఇంకా స్టోర్‌లో ఉంది. ఎవరో ఒకరు ఇంకా ఎక్కించుకుంటున్నారు. నేను తెరిచి చూడలేదు. పక్కింటి పిల్లలు ఆడుతుంటే గోడ అవతల నుంచి వినపడింది, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పోయాను. నువ్వు తీసెయ్యమంటే ఈ పూటే తీసేస్తాను. దాని గొంతు మీద నాకు ఒక్క రూపాయి కూడా వద్దు.

బావని జాగ్రత్తగా చూసుకో. నువ్వు తింటున్నావా?

భరణి


చినవలస,
జనవరి 21, 2017

భరణీ,

తియ్యకు. ఉంచు.

నేను వినను. మీ బావ అసలే వినలేడు. కానీ ఎక్కడో ఒకచోట అది మాట్లాడుతూ ఉండనీ.

తింటున్నాను. ఆఫీసుకి వెళ్తున్నాను. దీపి పాసుబుక్కు మూసేశాను. ఖాతాదారు చనిపోతే నింపే ఫారం ఉంటుంది. అడిగేవాళ్ళ సంతకం దగ్గరా, ఇచ్చేవాళ్ళ సంతకం దగ్గరా నా పేరే రాసుకున్నాను.

పద్మ


విజయనగరం,
ఏప్రిల్ 23, 2017

అక్కా,

ఈసారి చెప్పడానికి ఒక మంచి మాట ఉంది, ఒక కష్టమైన మాట ఉంది. మంచిది ముందు. అర్చనకి మూడో నెల. అక్టోబరులో అంటున్నారు. నీకు ఎలా రాయాలో తెలియక పదిహేను రోజులు ఆగాం. దాని చేత కూడా నీకు ఉత్తరం రాయిద్దామంటే ఏడుపే గాని అక్షరం పడటం లేదు.

రెండోది. ఆట సంగతి. నాకే అర్థం కానిది ఒకటి జరుగుతోంది. జనవరి ఆఖరు నుంచి ఎవరో ఒకరు రోజూ కొంటున్నారు. మధ్యాహ్నం రెండు దాటాక, రోజుకి ఒకటి, ఒక్కోరోజు రెండు. ఆదివారాలు మాత్రం ఉండవు, పండగలకీ ఉండవు. ఎవరన్నది నాకు వచ్చే లెక్కలో కనపడదు, మన రాష్ట్రం అని మాత్రం చూపిస్తుంది. ఎవరో బడి మాష్టారు పిల్లలకి ఒక్కొక్కరికీ కొనిపెడుతున్నాడని నేనూ అర్చనా అనుకుంటున్నాం. ఆయన ఎవరో గాని మా దీపి చేత చదువు చెప్పిస్తున్నాడు. రోజూ మూడింటికి ఆ లెక్క చూసుకుంటాను. ఆ ఒక్క అమ్మకం కనపడితే ఆ పూట నాకు ఊపిరి ఆడుతుంది.

ఇప్పుడు హైదరాబాదులో పిల్లల ఆటలు చేసే ఒక కంపెనీవాళ్ళ కంట్లో ఇది పడింది. ఆడేవాళ్ళు వెయ్యిమందే అయినా కొనేవాళ్ళు ఇంతమంది ఉండటం ఎక్కడా చూడలేదట. మొత్తం కొనేస్తామంటున్నారు, లక్షా ఇరవై వేలు. కాలేజీలో వచ్చే ఏడాది నా సెక్షను ఎత్తేస్తారని ఖాయమైంది, పుట్టబోయేదాని ఖర్చు చూస్తే ఆ డబ్బు నాకు అవసరం. కానీ గొంతు మారుస్తారట. భాష శుభ్రంగా ఉండాలట. బొమ్మలు ఉంచి దీపిని తీసేస్తారు.

నువ్వు వద్దంటే వద్దు. ఈ మాట మర్యాదకి రాయడం లేదు.

భరణి


చినవలస,
మే 9, 2017

భరణీ,

అర్చనని బరువులు ఎత్తనివ్వకు. పుల్లటిది అడిగితే పెట్టు, అడిగింది ఏదైనా పెట్టు. ఆఫీసు అరుగు మీద ఆరబెట్టిన చింతకాయ తొక్కు ఉంది, ఎవరైనా వస్తే పంపిస్తాను.

మా పిల్ల మాటలో వాళ్ళకి ఏం మురికి కనపడిందో. ఆ కంపెనీ వాళ్ళ అమ్మలు మాట్లాడేది రేడియో వార్తలా?

అమ్ము. పోయిన బిడ్డ కోసం పుట్టే బిడ్డ నోటి ముందుది తియ్యకూడదు. నన్ను అడిగావు, చెప్పాను, మళ్ళీ అడగకు.

ఒక చిన్న సంగతి. కొత్త గొంతు వచ్చాక, ఇప్పటికే ఫోన్‌లో ఎక్కించుకున్న వాళ్ళకి పాత గొంతు ఉంటుందా, పోతుందా? తవిటమ్మ మనవడు ఆడుకుంటున్నాడు, వాడి కోసం అడుగుతున్నాను.

పద్మ


విజయనగరం,
జూలై 8, 2017

అక్కా,

సంతకాలు అయిపోయాయి. ఆగస్టు ఒకటో తారీఖు నుంచి కొత్త గొంతు. హైదరాబాదు పిల్లట, నాటకాలకి గొంతు ఇస్తుందట.

తవిటమ్మ మనవడికి చెప్పు, ఫోన్‌లో ఉన్నదాన్ని కొత్తది చెయ్యమని అడిగితే వద్దని నొక్కమను. అప్పుడు పాతదే ఉంటుంది. తీసేసి మళ్ళీ ఎక్కించుకుంటే మాత్రం కొత్తదే వస్తుంది. ఇంకో తప్పు కూడా నాది ఉంది. ఒకసారి కొన్నవాళ్ళు ఆటని తీసేసి మళ్ళీ ఎక్కించుకుంటే ఊరికే ఇవ్వాలి, నేను రాసిన పద్ధతిలో మళ్ళీ పది రూపాయలు అడుగుతుంది. ఏడాది నుంచీ చూసుకోలేదు. కంపెనీవాళ్ళు దాన్ని కూడా తర్వాత సరిచేస్తారు.

చింతకాయ తొక్కు అందింది. అర్చన రెండు రోజుల్లో ఖాళీ చేసింది.

భరణి


విజయనగరం,
ఆగస్టు 13, 2017

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

కంపెనీ లెక్కలాయన మొన్న ఫోన్ చేశాడు. కొత్త గొంతు వచ్చాక రోజువారీ కొనుగోళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయట. అనుమానం వచ్చి పాత ఆర్డర్లన్నీ తవ్వించాడు. జనవరి నుంచి జరిగినవాటిలో నూట ఎనభై ఏడు ఒకే ఖాతా నుంచి, ఒకే ఫోన్ నుంచి అని తేలింది. జూలై ముప్పై ఒకటిన ఒక్కరోజే పంతొమ్మిదిసార్లు. ధర పెంచుకోవడానికి మీరే కొనుక్కున్నారు కదా అని అడిగాడు. ఖాతా పేరు చదివి వినిపించాడు. అది నేను తెరిచిన ఖాతా అక్కా, నీ పేరున.

వాళ్ళు సగం డబ్బు కోసేశారు, నేను వాదించలేదు. నేనే కొన్నానని ఒప్పుకున్నాను. ఆయనకి నీ సంగతి చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆదివారాలు ఎందుకు లేదో, రెండు దాటాకే ఎందుకో, ఇప్పుడు అర్థమైంది. నీ ఆఫీసు రెండింటికి కదా మూసేది. తాళం వేసే ముందు ఆటని తీసేసి, మళ్ళీ ఎక్కించి, ఇరవై బొమ్మలూ ఆడి, పది రూపాయలు కట్టి, ఆ ఒక్క మాట విని ఇంటికి వెళ్ళేదానివి. నేనేమో ఇక్కడ కూర్చుని ఆ అమ్మకం చూసి సంతోషపడ్డాను. ఆ లెక్క చూపించే కదా ఆటని అమ్మింది. నువ్వు కట్టిన డబ్బే దాని గొంతు తీయించేసింది. నాకు తెలిసి ఉంటే ఈ ఆటని కోటి రూపాయలకి కూడా ఇచ్చేవాణ్ణి కాదు. ఎందుకు చెప్పలేదు? వినను అని రాశావు కదా, ఆ మాట నమ్మి నేను నీకు రికార్డింగులు కూడా పంపలేదు.

అవి నా దగ్గర ఉన్నాయి. ముక్కలుగా కోయని అసలు రికార్డింగులు, పదకొండు గంటలు. నిన్న మొదటిసారి తెరిచాను. ఆ "కొనవేటి" చెప్పించిన రోజుది మొత్తం విన్నాను. అందులో ఏముందో నాకు పూర్తిగా మరుపు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు అది చెప్పనంది. "మాయమ్మని అడగను మావా. మాయమ్మ కాడ డబ్బులుండవు. ఒకటో తారీకు దాకా ఉండవు."

మీ అమ్మని కాదే, వేరేవాళ్ళ అమ్మల్ని అడుగుతున్నట్టు అని నేను చెప్పాను. కాసేపు ఆలోచించింది.

"అలగైతే సెప్తాను. మాయమ్మకి మాత్రం ఊరికినే ఇచ్చీ. డబ్బులు తీసుకోకు. ఒట్టెయ్యి."

నేను నవ్వుతూ ఒట్టు అన్నాను. అది కూడా రికార్డయింది.

అక్కా, దానికి ఒట్టు వేసి నీ దగ్గర నూట ఎనభై ఏడుసార్లు డబ్బు తీసుకున్నాను. ఈ కవరులో చిన్న మెమరీ కార్డు పెట్టాను. పదకొండు గంటలూ అందులో ఉన్నాయి. నువ్వు క్షమిస్తే క్షమించు, లేకపోతే లేదు. ఆ కార్డు మాత్రం వెనక్కి పంపకు.

భరణి


చినవలస,
సెప్టెంబరు 22, 2017

భరణీ,

కార్డు అందింది. వచ్చి నెల దాటింది. నేనే ముద్ర కొట్టాను, అందినట్టు నేనే సంతకం పెట్టుకున్నాను. ఇంకా ఫోన్‌లో పెట్టలేదు.

నువ్వు ఒట్టు తప్పలేదు. ఆ మాట ముందు తీసెయ్. నీకు తెలియకుండా నేను కట్టుకున్నాను. చెబితే నువ్వు ఊరికే ఇచ్చేస్తావని తెలుసు, అందుకే చెప్పలేదు. ఊరికే ఇస్తే నేను కొన్నట్టు కాదు కదా. ఎనిమిదేళ్ళలో అది నన్ను కొనవేటి అని ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు. "కొనీసినావేటి" అని నాతో ఒక్కసారి కూడా అనలేదురా. అనే సందు నేను ఇవ్వలేదు. ఆ మాట నీ మేడ మీద గదిలో, ఎవరివో అమ్మల కోసం అన్నది. నా డబ్బు పెట్టి దాన్ని నేను కొనుక్కున్నాను. ఆ డబ్బు కూడా నాది కాదు. దాని పాసుబుక్కులోదే, నీ వంద రూపాయలతో కలిపి రెండు వేలు. దాని డబ్బుతో దానికే కొనిపెట్టాను. రోజూ అది అడిగేది, నేను సరే అనేదాన్ని, అది సంతోషపడేది. మీ బావకి ఈ సంగతి తెలియదు. ఆ గొంతు వినపడితే కంచం ముందు నుంచి లేచిపోతాడు, అందుకే ఆఫీసులోనే.

జూలై ముప్పై ఒకటిన ఇంక చాలు, ఫోన్‌లో ఉన్నదాన్ని అలాగే ఉంచుకుందాం అనుకున్నాను. ఉంచుకుంటే గొంతు ఉంటుంది, ఆ ఒక్క మాట రాదు. రాత్రంతా ఆలోచించాను. మర్నాడు ఒకటో తారీఖు. ఆఫీసు మూశాక ఉండబట్టలేక తీసేసి మళ్ళీ ఎక్కించాను. వేరే పిల్ల వచ్చింది. డబ్బు కట్టాను కూడా. "ధన్యవాదాలు అమ్మా" అంది. మంచి గొంతే, ఆ పిల్లని అనడానికి ఏం లేదు. చేతులారా పోగొట్టుకున్నాను.

నువ్వు రాసింది రోజూ చదువుతున్నాను. నా దగ్గర డబ్బులుండవని దానికి తెలుసట. నన్ను అడగకూడదనుకుందట. మరి ఇంట్లో అంతసేపూ అడిగేది ఎందుకో. నేను లేదనడానికి అలవాటు పడ్డట్టే అది అడగడానికి అలవాటు పడిందేమో. నేను చెప్పిన ఆ ఒకటో తారీఖు మాటలన్నీ నమ్మేదన్నమాట. నన్ను మోసగత్తె అనుకోలేదు, లేనిదాన్నని అనుకుంది. నీ వంద కాకుండానే అప్పటికి పాసుబుక్కులో పంతొమ్మిది వందలున్నాయి భరణీ. రాట్నం ఇరవై రూపాయలు. ఇది నేను ఎవరితో చెప్పుకోను?

కార్డు వింటాను. ఎప్పుడన్నది అడగకు. అందులో అది నా మీద చెప్పిన చాడీలు కూడా ఉంటాయి, అన్నీ వింటాను. ఊరికినే ఇమ్మంది కాబట్టి, ఊరికే తీసుకోవడం నేర్చుకోవాలి. అర్చనకి నెలలు నిండుతున్నాయి. పుట్టేది ఏదైనా అడిగితే ఒకటో తారీఖు అనకు. లేకపోతే లేదని చెప్పు. ఉంటే ఇచ్చెయ్.

మొన్న జాతర అయింది. మీ బావ రానన్నాడు, ఒక్కదాన్నే వెళ్ళాను. పాసుబుక్కు డబ్బులో నూట ఇరవై మిగిలింది. రాట్నం టికెట్టు ఈ ఏడు ముప్పై చేశారు. రెండు కొన్నాను. టికెట్లవాడు "రెండో మనిసేదమ్మా" అని అడిగాడు. ఒకే మనిషి రెండుసార్లు అని చెప్పాను. మొదటిసారి కళ్ళు మూసుకున్నాను. రెండోసారి తెరుచుకునే ఉన్నాను. పైనుంచి కోటబొమ్మాళి స్టేషను, దానవతల వరిచేలు కనపడ్డాయి. అది ఏం చూసి ఇంకొక్కసారి అని ఏడ్చిందో తెలిసింది. దిగాక అక్కడే, ఆ గేటు పక్కన నిలబడ్డాను. ఎవరో వచ్చి ఏదో అంటారన్నట్టు చాలాసేపు నిలబడ్డాను. జనం తోసుకుంటూ పోతున్నారు. తర్వాత బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

పద్మక్క